బయోటెక్నాలజీ, వైద్య పరిశోధన: పాఠకుల సందేహాలకు సమాధానాలు

ఇంటర్ ఫలితాలు, నీట్ ర్యాంకులు వెలువడ్డాక ఈ శీర్షికకు బయోటెక్నాలజీ గురించి ఉత్తరాలు వెల్లువెత్తుతాయి. హైదరాబాదులో చాలా ఏళ్లు ప్రయోగశాలలో పనిచేస్తూ, విద్యార్థులకు పాఠాలు చెబుతూ వచ్చిన దానిని కనుక, వాటిలో ఐదింటికి ఈసారి జవాబు రాస్తున్నాను. ఒకే రకమైన ప్రశ్నలు పంపినవారు తమ జవాబును వీటిలోనే వెతుక్కోవలసిందిగా కోరుతున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ చదివి నీట్ రెండుసార్లు రాసింది. ఈసారి వచ్చిన ర్యాంకుకు ప్రభుత్వ కళాశాలలో సీటు రాదు, మేనేజ్‌మెంట్ కోటా మా తాహతుకు మించినది. మళ్లీ లాంగ్ టర్మ్‌లో చేర్పించాలా, బీటెక్ బయోటెక్నాలజీలో చేర్పించాలా తేల్చుకోలేకపోతున్నాము. "డాక్టరు సీటు రాకపోతే బయోటెక్నాలజీయా" అని బంధువులు పెదవి విరుస్తున్నారు. — ఒక తల్లి, కుషాయిగూడ

జవాబు: అమ్మా, బంధువుల మాట ముందు పక్కన పెట్టండి. వైద్యం చదివినవారు జబ్బుపడ్డ మనిషిని చూస్తారు. బయోటెక్నాలజీ చదివినవారు ఆ జబ్బు కణంలో ఎక్కడ మొదలవుతుందో, దానిని పసిగట్టే పరీక్షనో అడ్డుకునే టీకానో ఎలా తయారుచేయవచ్చో చూస్తారు. రెండింటికీ కావలసిన మనస్తత్వాలు వేరు. మన ఊళ్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ పనికే 1902లో నోబెల్ బహుమతి వచ్చింది, బేగంపేటలో ఆయన పేరు మీద ఇప్పటికీ ఒక సంస్థ ఉంది. ఆ రోజుల్లో జ్వరానికి క్వినైన్ ఇచ్చిన వైద్యులు ఎందరో ఉన్నారు కానీ, ఉక్కపోతలో కూర్చొని దోమ తరువాత దోమను సూక్ష్మదర్శిని కింద పరిశీలించే ఓపిక అందరికీ ఉండదు. ఉండి తీరాలని కూడా లేదు.

మరో ఉదాహరణ భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లి, అక్కడ రోగులను చూడకుండా జీవరసాయన శాస్త్రంలోకి మళ్లారు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించిన తొలి పరిశోధకులలో ఆయన ఒకరు. 1948లో మరణించేనాటికి ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది, కేన్సర్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ అనే మందుకు దారి తీసింది, డైఇథైల్ కార్బమజైన్‌ను వెలికితీసింది. బోదకాలు నివారణకు ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చి ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్ర అదే. ఆ మాత్రను మీరూ మింగి ఉంటారు.

కాబట్టి మీ అమ్మాయిని కూర్చోబెట్టి ఒక్క మాట అడగండి: మూడోసారి చదవబోయే పుస్తకాల్లో మార్కుల ఊసు లేకపోయినా తిరగేసే అధ్యాయం ఏదైనా ఉందా? జన్యుశాస్త్రమనో, సూక్ష్మజీవులనో ఆలోచించకుండా చెబితే ఈ చదువుకు ఆమె తగిన మనిషి. రోగుల మధ్య ఉండాలన్నదే ఆమె కోరిక అయితే నర్సింగ్, ఫిజియోథెరపీ, ఆప్టోమెట్రీ వంటి కోర్సులు ఆ కోరికకు దగ్గరగా ఉంటాయి. బయోటెక్నాలజీలో చేర్పించి నాలుగేళ్లు బాధపెట్టకండి.

ఇక దారుల సంగతి. తెలంగాణ ఎప్‌సెట్‌లో బైపీసీ విభాగం ద్వారా బీటెక్ బయోటెక్నాలజీలో చేరవచ్చు. ఇందులో గణితం, యంత్రాల రూపకల్పన, పెద్ద ట్యాంకుల్లో సూక్ష్మజీవులను పెంచే పద్ధతులు ఎక్కువగా ఉంటాయి. లెక్కలంటే భయపడే బైపీసీ పిల్లలకు మొదటి ఏడాది కష్టంగా గడుస్తుంది. డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పద్ధతి అయిన దోస్త్ ద్వారా కళాశాలల్లో దొరికే బీఎస్సీలో జీవశాస్త్రం పాలు ఎక్కువ. తిరుపతి వంటి చోట్ల ఉన్న కేంద్ర విజ్ఞాన విద్యా, పరిశోధనా సంస్థలైన ఐసర్‌లకు వేరే ప్రవేశ పరీక్ష రాయాలి, గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇంటర్ తరువాత ఐదేళ్ల ఎమ్మెస్సీ నడుపుతోంది. నా అభిప్రాయంలో ప్రయోగశాల లేని ప్రైవేటు కళాశాలలో బీటెక్ కంటే మంచి అధ్యాపకులున్న కళాశాలలో మామూలు బీఎస్సీ ఎంతో మేలు.

ప్రయోగశాల ఉందో లేదో బ్రోచరులో తెలియదు. కళాశాలకు వెళ్లి ల్యాబ్ చూపించమని అడగండి. డీఎన్‌ఏ ముక్కకు కోట్ల నకళ్లు తీసే పీసీఆర్ యంత్రం పక్కన వాడకం రిజిస్టరు ఉంటుంది, దానిలో చివరి తేదీ చూడండి. యంత్రం మీద ప్లాస్టిక్ కవరు, కవరు మీద దుమ్ము, రిజిస్టరులో తనిఖీ బృందం వచ్చిన వారం తేదీలు మాత్రమే ఉంటే ఇంక మీరు ఫీజు గురించి కూడా అడగనక్కరలేదు. ఒక్క హెచ్చరిక: డిగ్రీతోనే మంచి ఉద్యోగం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఈ రంగంలో నిలదొక్కుకోవడానికి ఎమ్మెస్సీ తప్పదు, పరిశోధన వైపు వెళ్లాలంటే పీహెచ్‌డీ కూడా కావాలి. అంతకాలం ఇంటి నుంచి ఆసరా ఉంటుందా లేదా అన్నది ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది.

ప్రశ్న: నేను బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మా తరగతిలో చాలామంది డబ్బు కట్టి తయారుగా ఉన్న రిపోర్టు, సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. నేనూ అలాగే చేసి, ఆ సమయం ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు వాడుకుంటే తప్పేమిటి? అసలు ఏ పరీక్షలు రాయాలి? — ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పరీక్షల సంగతి ముందు చెప్పేస్తాను. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సహకారంతో నడిచే ఎమ్మెస్సీ సీట్లకు గాట్-బి, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ, ఉస్మానియా తదితర రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, ఐఐటీల వంటి సంస్థలకు జామ్ రాయాలి. గాట్-బి ద్వారా సీటు వస్తే నెలనెలా స్టైపెండ్ కూడా ఉంటుంది. నాలుగింటికీ పాఠ్యాంశాలు చాలావరకు ఒకటే.

ప్రాజెక్టు కొనుక్కోవడంలో తప్పేమిటన్నారు. నీతి మాట అటుంచి, దానివల్ల మీరు పోగొట్టుకునేది ఏమిటో నా అనుభవంతో చెబుతాను.

నేను పరిశోధనలో చేరిన మొదటి ఏడాది ఒక జన్యువు ముక్కను పీసీఆర్ ద్వారా పెంచే పని అప్పగించారు. మూడు వారాల పాటు ప్రతి నమూనాలోనూ, జన్యువు దొరికిందని చూపే చక్కటి గీత వచ్చింది, నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. నాలుగో వారం మా గైడ్ వచ్చి, నమూనా కలపకుండా ఉత్త నీళ్లు మాత్రమే వేసిన గొట్టం ఒకటి ప్రతిసారీ పెట్టి తీరాలన్నారు. నెగటివ్ కంట్రోల్ అంటే అదే. రసాయనాలు ఖరీదైనవి కదా, ఒక గొట్టం వృథా ఎందుకని నేను అప్పటిదాకా పెట్టలేదు. ఆ సాయంత్రం, డీఎన్‌ఏ గీతలుగా కనబడే జెల్‌ను అతినీలలోహిత కాంతి కింద పెట్టి చూస్తే, నమూనాల గడులలో నారింజ రంగు గీతలు మెరుస్తున్నాయి, చివరన నీళ్ల గడిలో కూడా అదే ఎత్తున ఒక సన్నని గీత మెరుస్తోంది. "నీళ్లకు జన్యువు ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?" అని మాత్రం అడిగి ఆయన వెళ్లిపోయారు. మూడు వారాల ఫలితాలు ఆ ఒక్క గీతతో చెత్తబుట్టపాలయ్యాయి.

కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. పీసీఆర్‌లో గొట్టాన్ని 95 డిగ్రీల దాకా వేడిచేస్తే డీఎన్‌ఏ రెండు పోగులుగా విడిపోతుంది, 55 నుంచి 60 డిగ్రీలకు దించితే నకలు ఎక్కడ మొదలవాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, అంటే ప్రైమర్లు, అతుక్కుంటాయి, 72 డిగ్రీల దగ్గర ఎంజైము కొత్త పోగును అల్లుతుంది. ప్రతి చుట్టుకూ సంఖ్య రెట్టింపవుతుంది కనుక 30 చుట్లు తిరిగేసరికి ఒక్క అణువు 100 కోట్లు దాటుతుంది. అంటే ద్రవాన్ని కొలిచి తీసే పిపెట్ అంచుకు అంటుకున్న కంటికి కనిపించని తుంపర చాలు, లేని జన్యువును ఉన్నట్టు చూపించడానికి. మేము పిపెట్లు కడిగాము, వాటి కొనలకు తొడిగే టిప్పులు మార్చాము, ప్రైమర్లు కొత్తవి తెప్పించాము, గీత పోలేదు. చివరికి తేలిందేమిటంటే, బల్ల మీద అందరూ వాడుకునే నీళ్ల సీసాలోనే ఎవరో వాడిన పిపెట్‌ను ముంచారు. ఆ రోజు నుంచి నేను నీళ్లను చిన్న చిన్న గొట్టాల్లోకి పంచుకొని, ఒక్కొక్కటి ఒక్కసారే వాడి పారేస్తున్నాను. నా విద్యార్థులకు నా పిసినారితనంగా కనిపించే అలవాట్లలో ఇదొకటి.

కొనుక్కున్న రిపోర్టులో ఇటువంటి గీత ఉండదు. అందులో అన్నీ మొదటిసారే సరిగ్గా వస్తాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో, పరిశోధనా సహాయకుల ఉద్యోగానికో ఇంటర్వ్యూలకు కూర్చున్నప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న "మీ నెగటివ్ కంట్రోల్ ఏమిటి?" అని, రెండోది "ఏది చెడిపోయింది, ఎలా సరిచేశారు?" అని. స్వయంగా పనిచేసిన పిల్లలు రెండో ప్రశ్నకు ఆపకుండా మాట్లాడతారు. కొనుక్కున్నవారు తలవంచుకొని రిపోర్టు పేజీలు తిప్పుతారు, అప్పుడు వాళ్లను చూస్తే నాకు కోపం కంటే జాలే ఎక్కువ కలుగుతుంది.

నిజమైన ప్రాజెక్టు ఎక్కడ దొరుకుతుందంటారా? తార్నాక నుంచి ఉప్పల్ వరకు మెట్రోలో నాలుగు స్టేషన్ల దూరంలో జాతీయ పోషకాహార సంస్థ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ ఉన్నాయి. దేశంలో ఇన్ని ప్రయోగశాలలు ఇంత దగ్గరగా ఉన్న చోట్లు తక్కువ. శాస్త్రవేత్తలకు ఈమెయిల్ రాయండి, కానీ ఒకే ఉత్తరం యాభై మందికి పంపకండి. ఒక్కరి పరిశోధనా పత్రం ఒకటి చదివి, అందులో మీకు అర్థంకాని ఒక ప్రయోగం గురించి నాలుగు వాక్యాలు రాయండి. జవాబు రాకపోతే పది రోజులాగి మళ్లీ రాయండి. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు గడువు వేసవికి చాలా ముందే ముగుస్తుంది, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. ఇవేవీ కుదరకపోతే మీ కళాశాలలోనే, పెరుగులోని లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియాను వేరుచేసి పెంచే చిన్న పని చేయండి. కంట్రోళ్లతో సహా శ్రద్ధగా చేసిన పెరుగు ప్రాజెక్టును, కేన్సర్ పేరు పెట్టి కొనుక్కొచ్చిన ప్రాజెక్టు కంటే నేను ఎక్కువ గౌరవిస్తాను.

ప్రశ్న: మా అమ్మాయికి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుందంటోంది. ఆ డబ్బుతో బతకగలదా? పెళ్లి సంగతి ఏమిటని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతున్నారు. — ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: 2023 జనవరి నుంచి అమలులో ఉన్న రేట్ల ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత సీనియర్ ఫెలోగా 42,000 రూపాయలు వస్తాయి, హాస్టల్ దొరకనివారికి ఇంటి అద్దె భత్యం అదనం. హైదరాబాదులో ఒక్క మనిషి జాగ్రత్తగా బతకడానికి ఇది సరిపోతుంది. అయితే ఈ డబ్బు నెలనెలా ఒకటో తేదీన పడుతుందని అనుకోవద్దు. నా రోజుల్లో ఫెలోషిప్ ఒకసారి ఏడు నెలలు ఆగి, అన్నీ కలిపి ఒకేసారి వచ్చింది. అప్పటిదాకా మెస్ బిల్లు మా అన్నయ్య కట్టాడు. మొదట్లో ఒక నాలుగు నెలల ఖర్చు అమ్మాయి ఖాతాలో ఉంచండి.

పెళ్లి మీ ఇంటి విషయం, నేను జోక్యం చేసుకోను. పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్నవారూ, పిల్లల్ని కన్నవారూ మా ల్యాబ్‌లోనే ఉన్నారని మాత్రం చెప్పగలను. వాళ్లకు ఇబ్బంది కలిగించింది పెళ్లికంటే గైడ్ ఎంపికే. చేరేముందు ఆ గైడ్ దగ్గర ఇప్పుడున్న విద్యార్థులతో పాటు, పూర్తిచేసి వెళ్లినవారితో, మధ్యలో మానేసినవారితో కూడా ఫోనులో మాట్లాడమని అమ్మాయికి చెప్పండి. ప్రశ్నలు మూడే: పీహెచ్‌డీ పూర్తికావడానికి ఎంతకాలం పట్టింది, ప్రచురణలో మీ పేరు సక్రమంగా పెట్టారా, ఫలితం రానప్పుడు గైడ్ ఎలా మాట్లాడారు.

ప్రశ్న: నేను డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మూడు నెలల క్లినికల్ రీసెర్చ్ కోర్సు చేస్తే వైద్య పరిశోధనలోకి వెళ్లవచ్చని, ఉద్యోగం ఖాయమని ఒక ప్రకటన చూశాను. ఆ పని ఎలా ఉంటుంది? — ఒక టెక్నీషియన్, సికింద్రాబాదు

జవాబు: ఉద్యోగం ఖాయమన్న మాట చదవగానే ఆ ప్రకటనను మడిచి పెట్టేయండి. పని మాత్రం నిజమైనదే, మన నగరంలో దానికి గిరాకీ కూడా ఉంది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే తొలి రీకాంబినెంట్ (జన్యు మార్పిడితో తయారయ్యే) హెపటైటిస్-బి టీకాను ఇక్కడే తయారుచేసింది. ఆ తరువాత శామీర్‌పేట వైపు టీకా, మందుల సంస్థలుండే జీనోమ్ వ్యాలీ పెరిగింది. రోటావైరస్, టైఫాయిడ్, కోవిడ్ టీకాలు ఈ ఊరి నుంచి వెళ్లాయి. ప్రతి టీకా, ప్రతి మందు మనుషుల మీద పరీక్షకు నిలిచాకే బయటికి వస్తుంది. మొదటి దశలో కొద్దిమందిలో హాని ఉందా అని, రెండో దశలో మోతాదు ఎంత అని, మూడో దశలో వందలు, వేలమందిలో నిజంగా పనిచేస్తుందా అని చూస్తారు. అమ్మకానికి వచ్చాక కూడా గమనిస్తూ ఉండడం నాలుగో దశ.

మీవంటివారు చేరేది క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్ పనిలో. రోగి ఎప్పుడు రావాలి, రక్తం ఎప్పుడు తీయాలి, ఏ గొట్టం ఏ ఉష్ణోగ్రతలో ఉండాలి, ఏ కాగితం మీద ఎవరి సంతకం ఉండాలి అన్నవన్నీ ఆ మనిషి బాధ్యతే. నమూనాల విషయంలో మీ అనుభవం అక్కడ నేరుగా పనికొస్తుంది. కొత్తగా నేర్చుకోవలసినది నియమాలు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శకాలు చదవండి. రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఆ మూడు నెలల కోర్సులో ఎక్కువ భాగం చెప్పేది వీటినే. దేశంలో జరిగే ప్రతి ట్రయల్‌ను ముందుగా సీటీఆర్‌ఐ అనే రిజిస్ట్రీలో నమోదు చేయాలి. హైదరాబాద్ ఆసుపత్రుల పేర్లతో అందులో వెతికితే ఎక్కడ ఏ పని జరుగుతోందో మీకే తెలుస్తుంది.

ఈ పనిలో అన్నిటికంటే కష్టమైనది, నా దృష్టిలో అన్నిటికంటే గౌరవనీయమైనది, సమ్మతి తీసుకోవడం. 2009–10లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో బాలికల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన వ్యవహారాన్ని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ తరువాత నియమాలు గట్టిపడ్డాయి. అయినా కాగితం ఉన్నంత మాత్రాన మనిషికి అర్థమైనట్టు కాదు. ఒకసారి నేను నైతిక సంఘం సభ్యురాలిగా తెలుగు సమ్మతి పత్రం ఒకటి పరిశీలించాను. అందులో ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తుత్తి మందు అన్నది "యాదృచ్ఛికీకరణ ప్రక్రియ ద్వారా నిర్ణయించబడును" అని ఉంది. ఆ వాక్యం నాకే రెండుసార్లు చదివితే గాని అర్థం కాలేదు. అక్కడి కోఆర్డినేటరు ఒక చిన్నమ్మాయి, రోగులకు మాత్రం "చీటీలు వేసి తీసినట్టేనమ్మా, మీకు ఏది వస్తుందో డాక్టరుగారికి కూడా తెలియదు" అని చెబుతోంది. మేము పత్రంలో ఆమె మాటలనే రాయించాము. రోగి "నాకొద్దు" అని మధ్యలో లేచి వెళ్లిపోయినా ఆసుపత్రిలో మామూలు వైద్యం ఆగదన్న మాట కూడా అంత స్పష్టంగా చెప్పగలిగితే మీరు ఆ ఉద్యోగానికి సరిపోతారు.

డిగ్రీ లేకుండా పైమెట్లు ఎక్కడం కష్టం కనుక, పని చేస్తూనే బీఎస్సీ పూర్తిచేసే మార్గం చూసుకోండి.

ప్రశ్న: నేను ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. ఇప్పుడు ఎమ్మెస్సీలో పరిశోధనా పత్రాలు చదవమంటే ఒక్క పేజీకి గంట పడుతోంది. సెమినార్‌లో నోరు పెగలడం లేదు. పరిశోధన ఫెలోషిప్‌కు, అధ్యాపక ఉద్యోగానికి అర్హత పరీక్ష అయిన నెట్ రాయగలనా? — ఒక విద్యార్థిని, ఉస్మానియా హాస్టల్

జవాబు: పేజీకి గంట అంటే బాగానే చదువుతున్నారు. ఇంగ్లిష్ మాధ్యమంలో చదివినవారిలో చాలామంది పత్రం సారాంశం చదివి చదివేశామంటారు.

పత్రాన్ని మొదటి వాక్యం నుంచి చదవకండి. ముందు బొమ్మలు చూడండి. గ్రాఫులో అడ్డం ఏమిటి, నిలువు ఏమిటి, కంట్రోల్ ఏది, ఏ రెండు కడ్డీలను పోల్చారు అన్నది నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకోండి. ఆ బొమ్మ నుంచి మీరేం తేల్చారో కూడా తెలుగులోనే రాసి, తరువాత రచయితలు ఏమన్నారో చదివి పోల్చుకోండి. వారి మాటకూ మీ మాటకూ తేడా వస్తే ఆ తేడానే సెమినార్‌లో ప్రశ్నగా అడగండి. రెండు వాక్యాల ప్రశ్నను ముందుగా కాగితం మీద రాసుకొని చదివినా ఎవరూ నవ్వరు, నవ్వితే మీ గైడ్ వాళ్ల సంగతి చూసుకుంటారు. ల్యాబ్‌లో అందరం మాట్లాడేది ఎలాగూ "ఆ ప్లేట్ ఇంక్యుబేటర్‌లో పెట్టావా" అన్న భాషే.

సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ ప్రశ్నపత్రం తెలుగులో ఉండదు, నిజమే. కానీ మొత్తం 200 మార్కుల్లో సగం, అంటే 100 మార్కులు, పార్ట్-సి లోనివి. అక్కడ 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కొక్కదానికి 4 మార్కులు. ఆ ప్రశ్నలు ఎక్కువగా ప్రయోగాల మీద, గ్రాఫుల మీద ఉంటాయి. మీరు గంటసేపు బొమ్మతో కుస్తీపట్టి సంపాదించే నైపుణ్యాన్నే అవి పరీక్షిస్తాయి. తప్పు జవాబుకు మార్కులు కోస్తారు కనుక ఊహించి రాయకండి. పాత ప్రశ్నపత్రాలు తీసుకొని, రోజుకు పార్ట్-సి ప్రశ్నలు రెండు చొప్పున, గడియారం చూడకుండా మొదలుపెట్టండి. వేగం గురించి మూడో నెలలో ఆలోచిద్దాం. అప్పుడు మళ్లీ ఉత్తరం రాయండి.